మిరప సాళ్లలో అనాటమీ

"ఓరి నాయనో! కంట్లో కారం కొట్టిందిరో!"

కంటి వార్డులో ఆ కేక వినపడేసరికి నా చేతిలోని హాజరు పుస్తకం జారి కింద పడింది. సోమవారం పొద్దున, ఎనిమిది కూడా కాలేదు. మర్నాడు శుక్లం ఆపరేషన్ చేయించుకోవలసిన పెద్దాయన మంచం మీద కాళ్లు తపతపా కొట్టుకుంటున్నాడు. పక్కన మా విద్యార్థిని ఒకతె చుక్కల మందు సీసా పట్టుకుని కొయ్యబారిపోయి నిలబడింది. కింది రెప్పను వేలితో కిందకి లాగి మందు వెయ్యాలి. లాగింది. అంతే, ఆయన కేక.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తుకెళ్లి సెలైన్‌తో కన్ను కడిగాను. డాక్టరు వచ్చి చూసి, కంటికి ఏమీ కాలేదని చెప్పి, ఆపరేషన్ మాత్రం రెండు రోజులు వెనక్కి జరిపాడు.

"చేతులు కడుక్కున్నావా అసలు?" అన్నాను పళ్లు బిగబట్టి.

"మూడుసార్లు కడుక్కున్నానండి." నిజమే. సబ్బు వాసన నాకూ తగులుతూనే ఉంది.

కాస్త మంట తగ్గాక పెద్దాయన ఆ పిల్ల చెయ్యి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయనా మిరప రైతే. "కాయ కోసొచ్చావా అమ్మాయ్?" అన్నాడు.

"అవునండి."

"ఎన్నో కోత?"

"రెండోదండి."

"మరి ఉండదేంటి ఘాటు! సబ్బుకి పోద్దా అది? మజ్జిగేసి రుద్దుకోవాలి గానీ." అని, నా వైపు తిరిగి, "పాపం తిట్టమాకండి మేడంగారూ, మా ఇంట్లో ఆడవాళ్లూ ఇంతే" అన్నాడు. కన్ను మండిన మనిషే అంత నిదానంగా ఉంటే, ఏమీ కాని నేను ఊగిపోతున్నాను.

అప్పటికి నేను గుంటూరులో ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ అక్కడే ఉంది. వరండాలోకి లాక్కెళ్లి దులిపేశాను. "నువ్వు నర్సువి కావడానికి వచ్చావా, మిరపకాయ కూలికి వచ్చావా? ఏదో ఒకటి తేల్చుకో!" అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది తప్ప ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. చేతులు మాత్రం వెనక్కి దాచుకుంది.

అద్దంకి వైపు ఒక పల్లె ఆ పిల్లది. తల్లి కూలి ముఠాలో మిరపకాయ కోస్తుంది. పదో తరగతి దాకా ఊళ్లోనే, ఇంటర్ కూడా తెలుగులోనే చదివి, మంచి మార్కులు తెచ్చుకుని, బీఎస్సీ నర్సింగ్‌లోకి వచ్చి పడింది. పడింది అనే అనాలి. ఇక్కడ అన్నీ ఇంగ్లీషు. లావుపాటి పుస్తకాలు. మొదటి ఏడాది పరీక్షల్లో అనాటమీ రాత పరీక్ష పోయింది, రోగి మంచం పక్కన నిలబెట్టి అడిగే వైవా కూడా పోయింది. మార్చిలో సప్లిమెంటరీ. అదీ తప్పితే జూనియర్లతో కూర్చుని ఏడాదంతా మళ్లీ చదవాలి. కానీ అంతదాకా రాదని నాకు తెలుసు. ఈసారి తప్పితే పుస్తకాలు కట్టిపెట్టి తల్లి పక్కన సాలు పట్టడమేనని ఇంట్లో మాట అయిపోయింది. ఆ సంగతి దాని రూమ్మేట్ నా చెవిన వేసింది.

ఎందుకు తప్పిందంటారా? బట్టీ. లివర్ చేసే పనులు రాయమని నేను క్లాసులో టెస్టు పెడితే, కిడ్నీ గురించి రెండు పేజీలు పొల్లు పోకుండా రాసింది. మధ్యలో 'పై బొమ్మలో చూపినట్లు' అని కూడా ఇంగ్లీషులో రాసింది. పైన బొమ్మ ఏదీ? పుస్తకంలో ఉంది! నేను ఆ పేపరు క్లాసందరికీ చదివి వినిపించాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు, నాతో సహా. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ రోజు మాత్రం చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

నా క్లాసులో తెలుగు మాట వినపడకూడదు. వినపడితే ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో ఇరవైసార్లు రాయాలి. నేను మిషన్ హాస్టల్లో అలాగే నేర్చుకున్నాను, వీళ్లూ అలాగే నేర్చుకుంటారనుకున్నాను. క్లాసులో సగంమంది పల్లెల నుంచి, తెలుగు చదువుల నుంచి వచ్చినవాళ్లే. నా ముందు నోళ్లు కుట్టేసుకుని కూర్చునేవాళ్లు. చూశారా, ఎంత క్రమశిక్షణో అని మురిసిపోయేదాన్ని.

కంటి వార్డు గొడవ తరవాత ఒక ఆజ్ఞ జారీ చేశాను. సప్లిమెంటరీ అయ్యేదాకా ఊరికి వెళ్లడానికి వీల్లేదు. శనివారం మధ్యాహ్నం బస్సెక్కడాలు, సోమవారం తెల్లారుజామున దిగడాలు బంద్. ఆదివారాలు హాస్టల్లో కూర్చుని చదువు. "అలాగేనండి" అంది.

రెండు ఆదివారాలు కూర్చుంది. కూర్చుని చదివిందని వార్డెన్ సాక్ష్యం చెప్పింది. అంతకుముందు నా టెస్టుల్లో పదికి ఐదూ ఆరూ తెచ్చుకుంటున్న పిల్ల ఇప్పుడు రెండుకి దిగిపోయింది! నాకు మతి పోయింది. ఎదుట నిలబెట్టి అడిగాను.

"ఊరికి పంపించనందుకు నా మీద కక్ష కట్టావా?"

"అయ్యో, లేదండి. నేను చదివేది అక్కడేనండి."

"ఎక్కడ? మిరప చేలోనా?"

"అవునండి. పరీక్ష తప్పిందగ్గర నుంచి మా అమ్మకి చెబుతానండి పాఠం."

"మీ అమ్మ ఎంతవరకు చదివిందేం?"

"వేలిముద్రేనండి."

ఏం చెయ్యమంటారు నన్ను? "ఎవరి చెవిలో పువ్వు పెడదామని? పద, ఈ ఆదివారం నేనూ వస్తా, చూస్తా నీ చదువు!" అన్నాను. భయపడి వద్దంటుందనుకున్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "రండి మేడమ్, తప్పకుండా రండి" అంది. అప్పుడే నాకు కాస్త అనుమానం రావలసింది.

చిలకలూరిపేట దాటిందగ్గర నుంచి బస్సులో అందరూ తుమ్ములే. రోడ్డు పక్క కల్లాల్లో ఎండబోసిన కాయ ఎర్రగా పరుచుకుని ఉంది. మేం చేరేసరికి, పొద్దున ప్రార్థన ముగించుకుని, చద్దన్నం తిని, ముఠా అంతా అప్పటికే చేలో దిగారు. పన్నెండు మంది ఆడవాళ్లు, మనిషికో సాలు. చీర మీద మగవాళ్ల చొక్కాలు, తలకి గుడ్డలు. నేను గట్టు మీద గొడుగేసుకుని తీర్పరిలా కూర్చున్నాను.

ఆ పిల్ల వాళ్లమ్మ పక్క సాలు పట్టింది. ఒడి కట్టుకుంది, వంగింది, చేతులు కదిలాయి. నోరు కూడా కదిలింది.

"ఇయ్యాల గుండె," అంది గట్టిగా, ముఠా అందరికీ వినపడేలా. "గుండెలో నాలుగు గదులు. పైన రెండు, కింద రెండు. ఒళ్లంతా తిరిగి తిరిగి అలిసిపోయిన రక్తం కుడిపక్క పై గదిలోకి వస్తది. అక్కడ్నుంచి కింద గదిలోకి దిగుద్ది. అక్కడ్నుంచి ఊపిరితిత్తులకి పోద్ది."

"ఎందుకంటా?" అని ఎవరో అటు చివర్నుంచి.

"గాలి పోసుకోడానికి. ఎర్రగా అయ్యి మళ్లీ గుండెలోకే వస్తది. ఈసారి ఎడమపక్కకి."

సండే స్కూల్లో పిల్లలకు కథలు చెప్పే అలవాటుందట. కథలాగే చెప్పింది. నా క్లాసులో రెండు వాక్యాలు కలిపి మాట్లాడని పిల్ల! ఎడమ పై గది, ఎడమ కింది గది, అక్కడి నుంచి పెద్ద రక్తనాళం, ఒక్క అడుగు తప్పలేదు. ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాక, దాని ఇంగ్లీషు పేరు తనలో తాను రెండుసార్లు అనుకుంటోంది. ఏట్రియం, ఏట్రియం. చేతులు ఆగడం లేదు. నేను గొడుగు ముడిచేసి, తెలియకుండానే చేలోకి దిగాను. వింటూ నేనూ కాయలు కొయ్యడం మొదలుపెట్టాను.

ముఠాలోకెల్లా పెద్దావిడ, అందరూ పెద్దమ్మా అని పిలిచే ఆవిడ, నడుం మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడింది. "అదంతా బాగానే ఉంది గానే, కింద గది నొక్కుకుంటే రక్తం ముందుకే ఎందుకు పోవాలి? వచ్చిన దారినే పై గదిలోకి తన్నుకు రాదా?"

పిల్ల చేతులు ఆగిపోయాయి. ఆలోచించింది. తెలియలేదు.

నాకు తెలుసు కదా! ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠం కదా! నోరు తెరిచాను. పిల్ల తల్లి మెత్తగానే, కానీ గట్టిగా ఆపేసింది. "మీరు చెప్పమాకండి మేడంగారూ. దాన్ని చెప్పనీయండి."

నా జన్మలో నన్నెవరూ అలా నోరు మూయించలేదు. మూసుకున్నాను.

"వచ్చే ఆదివారం చెబుతా పెద్దమ్మా" అంది పిల్ల.

"చెప్పు మరి. తెలీకుండా తప్పించుకోమాకు" అని పెద్దావిడ మళ్లీ వంగింది. అప్పుడు తెలిసింది నాకు. ఈ పిల్లని చదివించే మేడమ్‌ని నేను కాదు. ఆవిడ.

ఆ ఆలోచనలోనే ఉండి, చెమట పడితే కన్ను తుడుచుకున్నాను. వేలితో!

అమ్మో, ఆ మంట పగవాళ్లకి కూడా వద్దు. గంతులేశాను. ముఠా అంతా పని ఆపి ఒకటే నవ్వు. పిల్ల తల్లి కొంగుని నోటి ఆవిరితో వెచ్చబెట్టి కంటికి అద్దింది, కుండలోని నీళ్లు కొట్టింది, నా చేతులకి మజ్జిగ రుద్దింది. పిల్ల మాత్రం నవ్వలేదు. "మూడుసార్లు కడుక్కున్నా పోదండి" అంది మెల్లిగా. ఆ ఒక్క మాటతో వరండాలో నేను తిట్టిన తిట్లన్నీ నాకే తిరిగి తగిలాయి.

మరుసటి ఆదివారం ఊరికి నేనే పంపించాను. సోమవారం పొద్దున బస్సు దిగుతూనే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "చెప్పానండి మేడమ్! బోరు మోటారుకి అడుగున ఫుట్‌వాల్వు ఉంటది కదండి, నీళ్లు పైకెక్కనిస్తది గానీ కిందకి జారనివ్వదు. గుండెలో కూడా అట్టాంటివి ఉన్నాయని చెప్పానండి. పెద్దమ్మ వెంటనే, ఫుట్‌వాల్వు పాడైతే మరి అని అడిగిందండి. అది కూడా చూసుకోవాలండి." ఇరవై ఏళ్లలో ఒక్క విద్యార్థి కూడా నన్ను ఆ ప్రశ్న అడగలేదు. అడగడానికి నేను నోరు తెరవనిస్తే కదా.

ఇక నేను ఊరుకుంటానా? మర్నాటి నుంచే కాలేజీలో మొదలుపెట్టాను. సాయంత్రం డ్యూటీ అయ్యాక నాలుగింటికి వరండాలో చాపలు వేయించాను. మా ఆసుపత్రి ఆయాని, మహా గడుసు మనిషిని, మధ్యలో కూర్చోబెట్టాను. ఆ రోజు పాఠం ఆవిడకి అర్థమయ్యేలా తెలుగులో చెప్పాలి. ఆవిడ తల ఊపితేనే పాసు. ఆ తరవాత అదే పాఠం నాకు ఇంగ్లీషులో. తప్పులున్నా సరే, పుస్తకంలో వాక్యాలు మాత్రం వద్దు. ప్రిన్సిపాల్‌గారు పిలిపించి, "ఇది నర్సింగ్ కాలేజీనా, రచ్చబండా?" అని అడిగారు. "మార్చి దాకా ఆగండి మేడమ్, అప్పుడు మీరే చెబుదురు గానీ" అన్నాను. ఆయా కూడా తక్కువదేం కాదు. "నాకు ఎక్కలేదమ్మా, మళ్లీ చెప్పు" అని ఒక పిల్లని నాలుగుసార్లు చెప్పించింది. ఆ నాలుగోసారికి ఆ పిల్లకే ఎక్కింది, ఆవిడకి ముందే ఎక్కేసింది.

ఇంకో నియమం కూడా పెట్టాను. సోమవారం డ్యూటీకి ముందు చేలకి వెళ్లొచ్చిన వాళ్లందరూ చేతులు చాపాలి, నేను వాసన చూడాలి. ఘాటు తగిలితే వంటింట్లోకెళ్లి మజ్జిగ, కొబ్బరినూనె రాసుకు రావాలి. ఎవరినీ తిట్టలేదు. కూలికి వెళ్లామని చెప్పుకోవడానికి సిగ్గుపడే పిల్లలు మెల్లిమెల్లిగా ధైర్యంగా చేతులు చాపడం నేర్చుకున్నారు. ఎంతమందో తెలుసా! అంతకాలం వాళ్లంతా చేతులు వెనక్కి దాచుకునే నా ముందు నిలబడ్డారన్నమాట.

మార్చి వచ్చింది. రాత పరీక్ష రాసి వచ్చి, "బొమ్మలు కూడా వేశానండి" అంది. నేను నవ్వబోయి, నాలుక కరుచుకున్నాను.

వైవాకి వేరే ఊరి నుంచి ఒక పెద్ద మేడమ్ పరీక్షాధికారిగా వచ్చారు. ముక్కు సూటి మనిషి. నేను పక్కన కూర్చోవాలి గానీ మాట్లాడకూడదు. ఆ పిల్లకి వచ్చిన రోగి గుండె జబ్బు మనిషి, ఆయాసం. ఆమెని వెనక దిండ్లు పెట్టి ఆనించి కూర్చోబెట్టారు. పిల్ల మంచం సర్దింది, నాడి చూసింది, దిండ్లు ఎత్తు సరిచేసింది. ఆమె పెదాలు ఎండిపోయి ఉంటే అడక్కుండానే తడి గుడ్డతో అద్దింది. అంతవరకూ చక్కగా ఉంది.

"ఈమెని ఎందుకు కూర్చోబెట్టారు?" అన్నారు పెద్ద మేడమ్, ఇంగ్లీషులో.

చెప్పింది. పడుకుంటే ఊపిరి ఆడదని.

"ఎందుకు ఆడదు? ఈమెకి ఎడమ పక్క వాల్వు సరిగా మూసుకోదు. గుండె వాల్వుకీ ఊపిరికీ ఏమిటి సంబంధం?"

పిల్ల జవాబు కోసం రోగి వంకా దిండ్ల వంకా చూసింది. నా గొంతు దాకా వచ్చేసింది జవాబు. కనీసం ఒక్క మాట అందిస్తే చాలు, 'బోరు' అంటే చాలు. దాన్ని చెప్పనీయండి, అని ఎవరో అన్నట్టనిపించింది. రెండు చేతులూ ఒళ్లో గట్టిగా బిగించుకున్నాను.

అప్పుడు చూశాను. పిల్ల కుడి చెయ్యి, పక్కన వేలాడుతున్నది, కదిలింది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి తొడిమ తుంచినట్టు తుంచాయి. మళ్లీ. మళ్లీ. సాలు కదిలినట్టు మాట కదిలింది. వాల్వు మూసుకోకపోతే రక్తం వచ్చిన దారినే వెనక్కి పోతుందంది. పై గది నిండిపోతుంది, దాని వెనక ఊపిరితిత్తులు నిండిపోతాయి, తడి చేరుతుంది, పడుకుంటే ఆ బరువు ఇంకా ఎక్కువవుతుంది. ఇంగ్లీషు అక్కడక్కడా కుంటింది. దారి మాత్రం ఎక్కడా తప్పలేదు.

పెద్ద మేడమ్ కళ్లద్దాలు తీశారు. "ఇది ఏ పుస్తకంలో ఇలా ఉంది?"

"పుస్తకంలో చూసుకున్నానండి. కానీ..." తెలుగులోకి వచ్చేసింది. "మా పెద్దమ్మ అడిగిందండి ముందు."

ఆవిడ నా వైపు చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఫలితాలు మే నెలలో వచ్చాయి. వేసవి సెలవులకి పిల్ల ఊళ్లో ఉంది. ఫోన్ చేద్దామంటే వాళ్ల వాడలో ఫోన్ ఎవరికుంది? ఉత్తరం రాద్దామంటే నాకు ఆగే ఓపికేది? అద్దంకి బస్సెక్కాను. వడగాలి మొహాన కొడుతోంది.

కోతలు అయిపోయాయి. కల్లంలో తాటాకు పందిరి కింద ముఠా అంతా గుట్ట చుట్టూ కూర్చుని, మంచి కాయ ఒక పక్కకీ, తెల్లబడిన తాలు కాయ ఒక పక్కకీ ఏరుతున్నారు. ముక్కులకి గుడ్డలు. నన్ను ముందుగా చూసింది ఆ పిల్లే. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. లేవలేదు. నా మొహం వంక చూడ్డానికి కూడా భయపడి గుట్ట వంక చూస్తోంది. తల్లి పిల్ల వంక చూస్తోంది.

దారంతా ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చాను. ఇంత నోరున్న దాన్ని, కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డాను.

పెద్దావిడే ముక్కు మీద గుడ్డ కిందకి లాగింది. "ఏం టీచరమ్మా," అంది, "మేం పాసయ్యామా?"

ఎవరూ నవ్వలేదు. పన్నెండు మంది ఆడవాళ్లూ ఏరడం ఆపి నా జవాబు కోసం చూస్తున్నారు.

"పాసయ్యారు," అన్నాను. "అందరూ."

పిల్లకి ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. నేను అన్నన్ని మాటలన్నా రాల్చని కన్నీళ్లు ఇప్పుడు ధారకట్టాయి. రెండు చేతులూ మొహానికి ఎత్తింది.

"చేతులే! చేతులు! కంట్లో పెట్టమాకే!" పందిరి అదిరిపోయేలా అరిచారు అందరూ. తల్లి తుడవబోయి తన చేతులు చూసుకుని ఆగిపోయింది. పెద్దావిడా అంతే. ఎవరి చేతులు చూసినా ఎర్రటి కారమే.

కారం అంటని చేతులు అక్కడ నావొక్కవే. వంగి కూర్చుని, నా కొంగుతో నేనే తుడిచాను.